మూడు వందల పన్నెండు మందికి ఒకే గొయ్యి

ఆ శుక్రవారం పొద్దున క్లోటిల్డా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి చెదలు తిన్న పుస్తకాలను పెరట్లో పాతిపెట్టాలి. పదింటికి అరలు తుడవాలి. మధ్యాహ్నం మూడింటికి ప్రాంతీయ కార్యాలయం నుంచి వచ్చే దోట్సే మేడమ్‌కు కుర్చీ వేసి, చల్లటి నీళ్ళిచ్చి, "చూడండి మేడమ్, మా లైబ్రరీ అందరిదీ" అని చెప్పాలి. మొదటి రెండు పనులకు చేతులుంటే చాలు. మూడోదానికి కొంచెం గుండెధైర్యం కావాలి.

తాంగ్‌పరె గ్రంథాలయం అంటే ఒక గది, తొమ్మిది అరలు, నాలుగు వేల పుస్తకాలు, క్లోటిల్డా. రెండు నెలల క్రితం పైనుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో ఎన్ని రకాల మనుషులున్నారో అరల్లో అన్ని రకాల పుస్తకాలుండాలి, ఎన్ని భాషలు వినిపిస్తాయో అన్ని భాషలూ కనిపించాలి, చూపు లేనివాళ్ళకూ వినికిడి లేనివాళ్ళకూ కూడా అక్కడ ఏదో ఒకటి దొరకాలి. లేదంటే పుస్తకాలన్నిటినీ లారీకెక్కించి పట్నంలోని పెద్ద గ్రంథాలయంలో కలిపేస్తారు, గదిని ఎరువుల గోదాముకు ఇచ్చేస్తారు. క్లోటిల్డా ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. తప్పుపట్టడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. ఆమెను ఎక్కువ బాధపెట్టింది అదే.

తాంగ్‌పరె సంతలో నిలబడితే ఆరు భాషలు చెవిన పడతాయి. అరల్లో మాత్రం ఊరి భాష పుస్తకాలు ఏడంటే ఏడు, ఏడూ దగారే అనే ఒక్క భాషలోనే. అందులో నాలుగు 'చేతులు కడుక్కోండి' అనే ఒకే పుస్తకానికి నాలుగు ప్రతులు. మిగిలినవి మొక్కజొన్న నిల్వ చేయడం, ప్రార్థన గీతాలు, అక్షరమాల. ఏడింటినీ మామూలుగా నిలబెడితే జానెడు చోటు కూడా పట్టవు. అట్టలు కనిపించేలా పక్కపక్కనే ఆనించి పెడితే ఒక అర మొత్తం నిండినట్టు కనిపిస్తుందని ఆమె ముందురోజు సాయంత్రం కనిపెట్టి, తన తెలివికి తానే కాస్త సిగ్గుపడింది.

చెదలు తిన్నవి మూడు వందల పన్నెండు. ఎప్పుడో సముద్రం అవతలి నుంచి పెట్టెల్లో వచ్చినవి. మంచు పడే చోట గులాబీలు పెంచడం ఎలా, తెరచాప పడవ కట్టడం ఎలా, ఏదో దేశంలో అరవై ఏళ్ళ నాటి రైళ్ళ వేళలు. వీటిని కాల్చడానికి లేదు, దుమ్ముగాలి వీచే రోజుల్లో ఊరి హద్దులో మంట పెట్టకూడదని కట్టుబాటు. పంచడానికీ లేదు. పోయినేడు అలా పంచితే, మర్నాడు జిల్లా కార్యాలయంలో ఒక పెద్దాయనకు గ్రంథాలయం ముద్ర ఉన్న కాగితంలో బొబ్బర్ల వడలు చేరాయి. ఆయన వడలు తినేసి, కాగితానికి సంజాయిషీ అడిగాడు. ఇక పాతిపెట్టడం ఒక్కటే మిగిలింది.

ఆ నెలలో నేల రాయిలా ఉంటుంది. దాన్ని లొంగదీసే గడ్డపార ఊళ్ళో ఒక్క బాయువో దగ్గరే ఉంది. బాయువో వృత్తి సమాధులు తవ్వడం.

"ఎంతమందికి తల్లీ?" అన్నాడతను చేతులు రుద్దుకుంటూ.

"మనుషులు కాదు మామా, పుస్తకాలు."

"అవే, ఎన్ని?"

"మూడు వందల పన్నెండు."

బాయువో గడ్డపార కింద పెట్టి తలగుడ్డ తీశాడు. "అయ్యో పాపం. ఏం జబ్బు?"

"చెదలు."

"మాయదారి చెదలు," అని నిట్టూర్చి అతను పనిలోకి దిగాడు. అతనికి చేతనైన గొయ్యి ఒకటే: ఒక మనిషి నడుం పట్టేంత గుండ్రటి నోరు, లోపల కుండలాంటి గది. చదరంగా తవ్వమని క్లోటిల్డా రెండుసార్లు అడిగింది. "చదరంగా తవ్వడానికి ఇదేమన్నా మరుగుదొడ్డా? పోయినవాళ్ళకి మర్యాద ఉండొద్దా?" అన్నాడు లోపలి నుంచి. తొమ్మిదిన్నరకు పని ముగించి, మట్టి దులుపుకుని, దాహం తీర్చుకోవడానికి పీతో అనే జొన్నకల్లు అమ్మే ఇంటికి వెళ్ళాడు. అక్కడ కల్లు బుర్ర చేతిలోకి తీసుకుంటూ, లైబ్రరీ పెరట్లో ఇప్పుడే గొయ్యి తవ్వి వచ్చానని మాత్రం చెప్పాడు. మిగతాది చెప్పేలోపు దాహం అడ్డొచ్చింది.

ఆ మాట విన్నవాళ్ళలో అకొల్గో ఉన్నాడు. అకొల్గో ఫ్రాఫ్రా మనిషి, ఊరి మొదట్లో మోటారుసైకిళ్ళు బాగుచేస్తాడు. ఫ్రాఫ్రాలకూ దగారే మాట్లాడే దగాబాలకూ తరతరాలుగా పరాచికాల వరస. పూర్వం వాళ్ళు అన్నదమ్ములనీ, ఒక కుక్క తలకాయ ఎవరు తినాలన్న దగ్గర విడిపోయారనీ చెబుతారు. ఎవరు తిన్నారన్నది ఇప్పటికీ తేలలేదు. ఈ వరసలో ఒకరినొకరు ఎంత మాటైనా అనవచ్చు, కోపం తెచ్చుకోవడం ఒక్కటే తప్పు. దగాబాల ఇంట్లో చావు జరిగితే ఫ్రాఫ్రా వాడు వచ్చి గొయ్యిలో దిగి కూర్చుంటాడు. మామూలు ముట్టజెప్పే దాకా లేవడు. ఏడ్చేవాళ్ళను నవ్వించడం అతని హక్కు. ఒకరకంగా ఉద్యోగం కూడా.

క్లోటిల్డా మొదటి బుట్ట పుస్తకాలతో పెరట్లోకి వచ్చేసరికి అకొల్గో గొయ్యి ఒడ్డున చెప్పులు విడుస్తున్నాడు.

"ఏం మరదలా! చావు పెట్టుకుని నాకు కబురు చెయ్యవా? మీ దగాబాల పీనాసితనం చావులో కూడా పోదు కదా!"

"ఎవరూ పోలేదు బావా. పాత పుస్తకాలు పాతిపెడుతున్నాను. మూడింటికి పైనుంచి మేడమ్ వస్తోంది, నీకు దణ్ణం పెడతాను, అడ్డం లే."

"గొయ్యి ఉందా?"

"ఉంది కానీ..."

"గుండ్రంగా ఉందా?"

"ఉంది."

"ఇంకేం కావాలి?" అని అతను సర్రున లోపలికి జారాడు. ఆ తర్వాత మాటలు కుండలోంచి వచ్చినట్టు గుమ్మని వినిపించాయి. "చల్లగా ఉంది మరదలా! మీవాళ్ళు చచ్చాక మాత్రం బాగా బతుకుతారు. ఏదీ, పోయినవాళ్ళలో ఒకణ్ణి ఇలా అందించు, మొహం చూస్తాను."

ఆమె రైళ్ళ వేళల పుస్తకం అందించింది. లోపల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"వీడు మావాడు కాదు. మొత్తం ఎంతమంది పోయారన్నావు?"

"మూడు వందల పన్నెండు."

"అందులో మా గురునె భాషవాడు ఎవడైనా ఉన్నాడా?"

"లేడు."

"విన్నావా! మావాళ్ళు గట్టి పిండాలు, అంత తొందరగా పోరు." పకపకా నవ్వు. "సరే. నాకు కోడి వద్దు, కల్లు వద్దు. ఆ గదిలో బతికున్నవాళ్ళలో మా భాష పుస్తకం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టు. అదే నా మామూలు. పుచ్చుకుని లేస్తాను."

క్లోటిల్డా చేతిలోని బుట్ట కింద పెట్టింది. కాసేపటికి గొయ్యిలోంచి గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి కొంచెం తగ్గింది.

"నాలుగు వేల మంది ఉన్న ఇంట్లో మావాడు ఒక్కడూ లేడా?"

అది పరాచికమో కాదో క్లోటిల్డాకు తెలియలేదు. బహుశా అకొల్గోకు కూడా తెలియలేదు. వెంటనే గొంతు పెంచి, దగాబాల తాతముత్తాతలను పేరుపేరునా తిట్టడం మొదలుపెట్టాడు.

"గిన్నీకోడి ఇస్తాను బావా. రెండిస్తాను."

"వద్దు."

"బతికినంతకాలం నా బండి నీ దగ్గరే బాగుచేయిస్తాను."

"ఇప్పుడెక్కడ చేయిస్తున్నావు?"

"నీ దగ్గరే," అని ఒప్పుకుని, ఆమె ఏదైనా దొరుకుతుందేమోనని గదిలోకి పరుగెత్తింది.

సరిగ్గా అప్పుడే కర్ర తాటిస్తూ జియెమ్ తాత ఆ దారిన వచ్చాడు. చిన్నప్పుడే చూపు పోయిన ఆయన గ్యిల్ వాయిస్తాడు, చావుపాట పాడతాడు. సొరకాయ బుర్రల మీద కట్టిన ఆ కొయ్యపలకలను ఆయన తాకితే పోయినవాళ్ళు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారని చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళు నమ్ముతాయి. అటువంటి ఆయన చెవికి, నేల కిందినుంచి ఒక ఫ్రాఫ్రా గొంతు దగాబాలను తిట్టడం వినిపించింది. ఆ దేశంలో దానికి అర్థం ఒక్కటే.

"ఎవరింట్లో నాయనా?" అన్నాడు కర్ర ఆపి.

"లైబ్రరీ ఇంట్లో తాతా! నాకు మామూలు కూడా ముట్టలేదు!" అంది నేల.

ఆ ఇంట్లో ఉండేది ఒక్కతే. జియెమ్ తాత రెండో ప్రశ్న వేయలేదు. అరగంటలో గ్యిల్ తెప్పించుకుని పెరటి గుమ్మం దగ్గర కూర్చుని, ఆడమనిషి పోతే వాయించే దరువు మొదలుపెట్టాడు.

దుమ్ముగాలిలో గ్యిల్ మోత చాలా దూరం పోతుంది. చేలల్లో ఉన్నవాళ్ళు నిలబడి విన్నారు. దరువు ఆడమనిషిది, మోత లైబ్రరీ వైపు నుంచి. ఇక చెప్పేవాళ్ళెవరూ అక్కర్లేకపోయింది. గ్యిల్ మోత ఇంకెవరింటిదో అనుకుని తొమ్మిది అరలూ వెతికిన క్లోటిల్డా, అక్షరమాల పుస్తకం ఒకటి పట్టుకుని, ఇదైనా పనికొస్తుందేమోనని బయటికి వచ్చేసరికి నలభైమంది ఆడవాళ్ళు తలల మీద చేతులు పెట్టుకుని ఉన్నారు. నాలుగు మైళ్ళ అవతలి ఊరినుంచి వచ్చిన ఎవరిస్టా మేనత్త నేలమీద పడి దొర్లుతోంది.

"నా తల్లీ క్లోటిల్డా! ఎనిమిదో తరగతిలో బహుమతి తెచ్చుకున్నదానివి! నిన్న కాక మొన్న నాకు షియా గింజల నూనె తెచ్చిచ్చినదానివి!"

"అత్తా, నేనిక్కడే ఉన్నాను."

"ఉండవే తల్లీ, నన్ను ఏడవనీ..." అని, అత్త తల పైకెత్తింది. మేనకోడల్ని పాదాల నుంచి పైదాకా చూసింది. లేచి, మట్టి దులుపుకుని, వీపు మీద ఒక్కటి వేసింది. "బతికుంటే ముందు చెప్పొద్దూ? నాలుగు మైళ్ళు ఏడుస్తూ వచ్చాను, గొంతు పోయింది! ఇప్పుడీ తెచ్చిన జొన్నల మూట ఏం చెయ్యను, వెనక్కి మోసుకుపోనా?"

మధ్యాహ్నానికి మూడు వందల మంది అయ్యారు. ఇంకా రెండు గ్యిల్‌లు వచ్చాయి. క్లోటిల్డా జియెమ్ తాత ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జరిగిందంతా చెప్పింది. ఎవరూ పోలేదు, పుస్తకాలు, చెదలు, బాయువో, గుండ్రటి గొయ్యి. ముసలాయన కోప్పడతాడని తల వంచుకుంది.

ఆయన గ్యిల్ కర్రలు పక్కన పెట్టాడు. తర్వాత చెయ్యి చాచాడు. "గొయ్యి తవ్వారు. గ్యిల్ మోగింది. పోయినవాళ్ళను పిలిచాక ఊరికే పంపకూడదు. ఒకదాన్ని నా చేతికియ్యి."

ఆమె గులాబీల పుస్తకం ఇచ్చి, మంచు పడే చోట పూలు పెంచడం గురించని చెప్పింది. ఆయన దాన్ని వాసన చూశాడు. చెదలు తొలిచిన బొరియల మీద, బతికున్న మనిషి పుండు తడిమినట్టు మెల్లగా వేళ్ళు పోనిచ్చాడు.

"ఎవరి బిడ్డ? ఏ ఊరు?"

ఆమె మొదటి పేజీ చూసి, సముద్రాల అవతలి ఊరి పేరు చెప్పింది, పుట్టిన సంవత్సరం చెప్పింది.

"ఎలా వచ్చింది?"

"ఓడలో, తాతా. పెట్టెలో పెట్టి పంపారు."

"ఇక్కడికొచ్చాక ఎవరితోనైనా మాట్లాడిందా?"

ఆమె చివరి పేజీ తిప్పింది. తారీఖు ముద్రలు వేసే చీటీ ఖాళీగా ఉంది. "లేదు తాతా. ముప్పై ఏళ్ళలో ఒక్కరు కూడా తీసుకెళ్ళలేదు."

జియెమ్ తాత పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని పలకల మీద కర్రలు వాల్చాడు. తర్వాత పాడాడు.

"తెల్లనేల బిడ్డా, మీ ఊళ్ళో పూలకు చలి వేస్తుందట. ఎవరు పంపారు నిన్ను ఇంత దూరం? ముప్పై ఏళ్ళు మా ఇంట్లో నిలువుకాళ్ళ మీద నిలబడ్డావు. కూర్చోమన్నవాళ్ళం లేం. మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళం లేం. మీది ఏ ఊరని అడిగినవాళ్ళం లేం. చివరికి నిన్ను పలకరించింది చెదలొక్కటే."

ఎవరిస్టా అత్త పోయిందన్న గొంతుతో మళ్ళీ ఏడ్చింది. ఈసారి పేరు పెట్టి ఏడవడానికి ఎవరూ లేకపోయినా ఏడుపు నిజమైనదే. రైళ్ళ వేళల పుస్తకం గొయ్యిలోంచి పైకి వచ్చింది. "వీడికి కూడా పాడు తాతా," అన్నాడు అకొల్గో, నవ్వు లేకుండా. అదేం పుస్తకమో క్లోటిల్డా చెబితే జియెమ్ తాత పాడాడు. ఎప్పుడు బయల్దేరాలో ఎప్పుడు చేరాలో లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు, దారి మరిచి మా ఊళ్ళో ఆగిపోయాడన్నాడు. మూడు వందల మందిలో ఒక్కరు దగ్గలేదు. క్లోటిల్డా ఆ గదిలో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. తాను తుడిచిన దుమ్ము కింద ఇంతమంది ఉన్నారని ఆమెకు అప్పుడు తెలిసింది. చేతులు కట్టుకుని నిలబడిపోయింది. మూడు గంటలైన సంగతి కూడా మరిచిపోయింది.

తెల్ల జీపు వచ్చి ఆగింది. దోట్సే మేడమ్ సముద్రపు ఒడ్డు ప్రాంతం మనిషి, దగారే ఒక్క ముక్క రాదు. చేతిలో ఫారం ఉంది. మూడు గ్యిల్‌లను చూసింది, ఏడుస్తున్న ఆడవాళ్ళను చూసింది, గొయ్యిని చూసింది, గొయ్యిలోంచి కనిపిస్తున్న తలను చూసింది. ఆ తల ఆమెకు మర్యాదగా నమస్కారం పెట్టింది.

"పోయిందెవరు?" అని మెల్లగా ఇంగ్లీషులో అడిగింది.

"పుస్తకాలు, మేడమ్," అంది క్లోటిల్డా.

మేడమ్ ఏదో అనబోయి, పాట వినిపించి ఆగింది. జనం ఆమెకు బల్ల మీద చోటిచ్చారు. అర్థం కాని భాషలో, తనకు తెలియని రాగంలో, రద్దు పద్దుకెక్కిన పుస్తకాల కోసం ఒక గుడ్డి ముసలాయన పాడుతున్న పాటను ఆమె కదలకుండా వింది. పాట ఆగాక కళ్ళజోడు తుడుచుకుని, చాలాసేపు తుడిచి, ఫారం తెరిచింది.

"ఊరి భాషల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి?"

అట్టలు చూపిస్తూ నిలబెట్టిన అర కిటికీలోంచి కనిపిస్తోంది. క్లోటిల్డా దానివైపు చూడలేదు. "నాలుగు రకాలు మేడమ్. మీకు ఏడని చెబుదామనుకున్నాను."

"దగారే కాక మిగతా భాషల్లో?"

"ఏమడుగుతోంది?" అన్నాడు అకొల్గో. ఎవరో చెప్పారు. "ఒక్కటి కూడా లేదని చెప్పండి! అందుకేగా నేను పొద్దున్నుంచి ఇందులో ఉన్నది!"

మేడమ్ సున్నా వేసింది. చూపు లేనివారికి, సున్నా. వినికిడి లేనివారికి, సున్నా. పెన్సిలు చప్పుడు వెనక వరసదాకా వినిపించింది.

"ఆ గుండ్రాలేమిటే?" అంది ఎవరిస్టా అత్త.

"లారీ వస్తుందత్తా. నాలుగు వేలూ వెళ్ళిపోతాయి. నేను కూడా."

పొద్దున్నుంచి లేని చావు అప్పుడు వచ్చింది. గొయ్యిలో అకొల్గో లేచి నిలబడ్డాడు.

"మరదలా, నాకేం వద్దు. వేళాకోళానికి అన్నాను. లేస్తున్నాను, నీ పని చూసుకో."

"కూర్చోరా!" అని బాయువో గడ్డపార అడ్డం పెట్టాడు. "మామూలు పుచ్చుకోకుండా లేస్తే ఈ ఇంట్లో నిజంగా చావొస్తుంది. పొద్దుగూకేలోపు గొయ్యి మూయాలి. నువ్వు లోపలుంటే ఎలా మూస్తాను?"

"మూసెయ్, ఫ్రాఫ్రాల్లో ఒకడు తగ్గుతాడు," అని ఎవరో అన్నారు కానీ ఎవరూ నవ్వలేదు.

క్లోటిల్డా గదిలోకి వెళ్ళి ఒక ఖాళీ నోటుపుస్తకం, కలం తెచ్చింది. గొయ్యి ఒడ్డున బోర్లా పడుకుని లోపలికి తొంగి చూసింది. "బావా, నీ మామూలు ఇస్తాను. కానీ చెప్పాల్సింది నువ్వే. ఆ కుక్క తలకాయ ఎవరు తిన్నారు?"

అకొల్గో మళ్ళీ గొయ్యి అడుగున కూర్చున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని తన భాషలో, నిదానంగా, తాత తనకు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. రెండు భాషలూ దగ్గరివే, ఆమెకు రాయడం కష్టం కాలేదు. వేట నుంచి తిరిగొచ్చిన అన్నదమ్ముల దగ్గర మొదలై, నిప్పుల మీద కుండ పెట్టి తమ్ముడు నీళ్ళకు వెళ్ళడం దాకా కథ సాఫీగా సాగింది. దగాబా అన్న అటూ ఇటూ చూసి కుండ మూత తీసే దగ్గర జనం భగ్గుమన్నారు.

"అబద్ధం!"

"అది రాయకు క్లోటిల్డా!"

"రాస్తే కొట్టెయ్! మూత తీసింది వాళ్ళే!"

"కొట్టెయ్యను," అంది క్లోటిల్డా పడుకునే. "ఇది లైబ్రరీ. ఇక్కడ ఎవరి మాటా కొట్టెయ్యను."

"అయితే మాది కూడా రాయి!" అని ఎవరిస్టా అత్త పోయిన గొంతుతో అరిచింది. "వాడి అబద్ధం పక్కనే పెట్టు. కాదు, పై అరలో పెట్టు!"

రెండో నోటుపుస్తకం తెరవాల్సి వచ్చింది. అది సగం కాకముందే సిసాలా జనం నుంచి ఒక పెద్దాయన లేచి, కుండ తమదనీ, దాని సంగతి రెండు పుస్తకాల్లోనూ లేదనీ ఎత్తిచూపాడు. అప్పుడు పాలమ్మే ఫులానీ ఆవిడ అయిసాతా, నెత్తిమీది బుర్ర దించకుండానే అంది: "మీరు మీరు కొట్టుకుంటున్నారు కానీ, అసలు కుక్క మాది."

ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఎవరి వల్లా కాలేదు. బడి పక్క దుకాణంలో నోటుపుస్తకాలన్నీ వచ్చేశాయి. రాయడం వచ్చిన ప్రతివాళ్ళ ముందూ వరస కట్టారు. కుక్క కథ అయిపోయాక ఊరు పుట్టిన కథ, బావి పేరు కథ, కరువు ఏడాది అమ్మమ్మ అడవిలో ఏ ఆకు వండి పిల్లల్ని బతికించిందో ఆ కథ. పక్క వరసవాళ్ళు తమ గురించి ఏం రాయిస్తున్నారోనన్న భయంతో ప్రతి వరసా పెరిగింది.

దోట్సే మేడమ్‌కు మొదట గొడవనుకుని భయం వేసింది. ఏం జరుగుతోందో బడిపంతులు చెప్పాక, జీపులోంచి తన సొంత నోటుపుస్తకం తెచ్చి, వరసలో చివర నిలబడ్డ అవ్వకు బల్ల మీద చోటిచ్చి, అవ్వ మాటలను పంతులు ఇంగ్లీషులో చెబుతుంటే రాయడం మొదలుపెట్టింది.

ఎవరూ గమనించనిది ఒకటి గోడ వారన జరుగుతోంది. బట్టలు కుట్టే దెలెకు పుట్టుచెవుడు, మాట లేదు. చేతులు ఊపుకుంటున్న జనాన్ని చూసి, కుక్కనూ కుండనూ చూపిస్తున్న వేళ్ళను చూసి ఆమెకు సంగతి తెలిసిపోయింది. గొయ్యిలో పడాల్సిన అట్టలు నాలుగు తీసుకుని, నడుముకు వేలాడే కత్తెరతో కత్తిరించింది. ఒక అట్టమీద ఇంకోటి అతికించింది. ఇద్దరు మనుషులు, ఒక కుండ, ఒక కుక్క. తెచ్చి జియెమ్ తాత ఒడిలో పెట్టింది.

తాత వేళ్ళు అంచుల వెంట నడిచాయి. మనుషుల దగ్గర ఆగాయి, కుండ దగ్గర ఆగాయి, కుక్క దగ్గర చాలాసేపు ఆగాయి.

"దీనికి తలకాయ ఉంది," అన్నాడు తాత.

జనం దగ్గరికి జరిగారు.

"ఎవరూ తినలేదు. కుక్క లేచి వెళ్ళిపోయింది." ఆయన మొహం వెలిగిపోయింది. "డెబ్భై ఏళ్ళుగా ఈ కథ వింటున్నాను. ఇవాళ చదివాను."

చూపు లేని మనిషి, మాట లేని మనిషి చెప్పింది చదివి వినిపిస్తుంటే, మేడమ్ చేతిలోని కలం ఆగిపోయింది. ఆమె ఫారం తీసి, తాను వేసిన సున్నాలను చూసింది. రబ్బరుతో చెరిపింది. వాటి చోట ఏం వేయాలో తెలియక గడులు ఖాళీగా వదిలేసింది.

పొద్దుగూకే ముందు అకొల్గోకు అతని మామూలు ముట్టింది. గొయ్యిలోంచి పైకొచ్చి, నోటుపుస్తకం తలకిందులుగా పట్టుకుని, తనకు చదవడం రాదని గుర్తొచ్చి క్లోటిల్డాకే ఇచ్చాడు. ఆమె మొదటి పేజీ చదివింది. తన తాత మాట ఇంకొకరి నోట, ఒక్క పొల్లు పోకుండా వచ్చేసరికి అతను తిట్టడం మరిచి, ఇంకోసారి చదవమన్నాడు. మూడు వందల పన్నెండు పుస్తకాలను మూడు గ్యిల్‌ల మోతతో పాతిపెట్టారు. ఎవరిస్టా అత్త జొన్నలు వెనక్కి మోయలేదు. అందరికీ సంకటి వండింది.

రెండు వారాలకు లారీ వచ్చింది. ఊరంతా రోడ్డుకు అడ్డంగా నిలబడింది, అకొల్గో అందరికంటే ముందు. డ్రైవరు భయపడుతూ వెనక తలుపు తీశాడు. లోపల ఆరు కొత్త అరలు, గొంతులు పట్టే యంత్రం ఒకటి, గట్టి అట్టల ఖాళీ పుస్తకాలు రెండు వందలు, ఒక ఉత్తరం. గ్రంథాలయం ఇక్కడే ఉంటుందని, మొన్న రాసిన నలభై ఆరు నోటుపుస్తకాలకూ దెలె అట్టలకూ వరుస సంఖ్యలు వేయాలని, అవి ఊరి మొత్తానికీ చెందినవని అందులో ఉంది. చివర మేడమ్ చేతిరాతతో ఇంకో వాక్యం: శ్రీ జియెమ్‌ను కూడా రిజిస్టరులో ఎక్కించాలి, ఇటువంటిది ఇంకొక ప్రతి లేదు కనుక గ్రంథాలయం బయటికి పంపరాదు.

"మరి పొరుగూళ్ళ చావులు ఎవరు పాడతారే?" అన్నాడు జియెమ్ తాత కంగారుగా.

క్లోటిల్డా నియమాల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివి ఒక దారి వెతికింది. అప్పటినుంచి జియెమ్ తాత ఎక్కడ చావుకు పిలుపొచ్చినా, ముందు గ్రంథాలయానికి వచ్చి, రిజిస్టరులో వేలిముద్ర వేసి, పద్నాలుగు రోజుల గడువు మీద తనను తానే తీసుకెళుతున్నాడు. ఇంతవరకు ఒక్కసారి కూడా ఆలస్యంగా తిరిగి రాలేదు.